బండి ముందు మనిషి

నాంపల్లిలో పొద్దున పాసింజరు ఎక్కితే భోజనాల వేళకి తాండూరు చేరవచ్చు. అంత దగ్గరి ఊరికి నేను మళ్లీ వెళ్లేసరికి, పోలీసు చర్య నాటి పసిపిల్లలకు నూనూగు మీసాలు వస్తున్నాయి. ఆ తోవలో గొప్ప గుడులున్నాయనో కోటలున్నాయనో చెప్పి మిమ్మల్ని రమ్మనను. ఎర్ర నేల, కంది చేలు, నీలం బండలు, వానాకాలంలో పొంగే వాగులు ఉన్నాయి. నాకు తెలిసిన ఒక మనిషి ఉన్నాడు. అతని కోసమే వెళ్లాను.

మా అమ్మ పోయిన ఆషాఢంలో చనిపోయింది. చివరి రోజుల్లో జ్వరంలో ఆమెకు ఇప్పటి సంగతులేవీ గుర్తు లేవు. నలభై ఎనిమిదిలో రజాకార్లకు భయపడి మేమిద్దరం ఊరు విడిచిన ప్రయాణం మాత్రం గుర్తుంది. ప్రతి పూటా అదే అడిగేది. "సాయిగానికి ఇంత అన్నం పెట్టిన్రా? వాడు పొద్దటి సంది ఉరుకుతుండు." పెట్టామని చెప్పేవాణ్ణి. ఆమె నమ్మి కళ్లు మూసుకునేది. దినాలు అయ్యాక కోర్టు సెలవుల్లో బయలుదేరాను.

వికారాబాదు

రైలు వికారాబాదు చేరే ముందే సీతాఫలాల వాసన వచ్చింది. అనంతగిరి గుట్టల నుంచి ఆడవాళ్లు గంపలు దించి ప్లాట్‌ఫారం పొడుగునా కూర్చుని ఉన్నారు. నయాపైసలు వచ్చి ఇన్నేళ్లయినా బేరం ఇంకా అణాల్లోనే. డజను ఆరణాలంటే నాలుగణాలకు అడిగాను. ఆ ఆడమనిషి నా బూట్లు చూసి, "పట్నం బూట్లేసుకొని నాలుగణాలంటవా అయ్యా," అంది. పక్కవాళ్లు నవ్వారు. ఆరణాలూ ఇచ్చాను. పండినవి దారిలో తినమనీ, కాయలు ఇంటికి తీసుకుపొమ్మనీ వేరువేరుగా కట్టి ఇచ్చింది. పట్నంలో ఇవే పండ్లు రూపాయికి వస్తాయి, ఎలా తినాలో చెప్పే మనిషి మాత్రం రాదు.

స్టేషను బయట చిన్నప్పుడు మా నాయనతో చాయ్ తాగిన హోటలు అలాగే ఉంది. అప్పటి యజమాని కొడుకు గల్లా దగ్గర కూర్చున్నాడు. గోధుమరంగు గడ్డం, తలమీద జాలీ టోపీ. మా ఊరి పేరు చెబితే నాయన్ని గుర్తుపట్టాడు. బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుని తింటూ ఆ రోజుల మాటలు తీశాం. మేము సోలాపూరు పారిపోయామని చెప్పాను. అతను కాసేపు సాసర్లో చాయ్ ఊదుకున్నాడు.

"మీరు ముందల పారిపోయిన్రు సాబ్. పోలీస్ యాక్షన్ అయినంక మేం పారిపోయినం. మా పెద్దన్న ఇంక తిరిగి రాలె," అన్నాడు. "రైలు మాత్రం గదే రైలు."

చాయ్ డబ్బులు తీసుకోలేదు. మా నాయన పేరు చెప్పి తీసుకోలేదు. నేను వాళ్ల అన్న పేరైనా అడగలేదని బస్సు ఎక్కాక గుర్తొచ్చింది.

నవాబుపేట దారి

బస్సు నవాబుపేట దాకానే వస్తుంది. అక్కడి నుంచి మా ఊరికి నడక. నల్లమట్టి బూట్లకు అంటుకుని ఒక్కొక్క కాలూ బుట్టంత అయింది. చివరికి బూట్లు విప్పి చేతబట్టుకుని, చిన్నతనంలో ఎన్నడూ ఉత్త కాళ్లతో నడవని బాట మీద నడిచాను. బాటకు రెండువైపులా కందిచేలు నడుమెత్తు ఉన్నాయి. ఆ పచ్చి వాసనకు కళ్లు చెమర్చాయి. ఎంత చెడ్డ పనులు చేసిన ఊరైనా మన ఊరి వాసన మనకు తియ్యగానే ఉంటుంది. అది నాకు సిగ్గుగా ఉంది, సంతోషంగానూ ఉంది.

పట్నం పిల్లలకు తెలియని ఆచారం ఒకటి ఇక్కడ చెప్పాలి. మా ఇంటి కచ్చురం, అంటే పైన గూడు కట్టిన సవారీ బండి, ఎటు కదిలినా దాని ముందు ఒక మనిషి ఉరకాలి. దారిలో ఉన్నవాళ్లను పక్కకు తప్పించాలి, వాగులో దిగి లోతు చూడాలి. కూలి లేదు. వెట్టి. మా ఊరి పొలిమేర దాకా మా ఊరి మనిషి ఉరుకుతాడు, పొలిమేర దగ్గర పక్క ఊరి వెట్టి మనిషి అందుకుంటాడు. అలా ఊరు ఊరూ చేతులు మారుతూ బండి సాగుతుంది. మా ఊళ్లో ఆ పని సాయన్న ఇంటిది. ముందు వాళ్ల అయ్య ఉరికాడు, మోకాళ్లు పోయాక సాయన్న. ఊళ్లో డప్పు చాటింపు కూడా వాళ్లదే. నాకంటే పదేళ్లు పెద్దవాణ్ణి నేను "సాయిగా" అని పిలిచేవాణ్ణి.

నలభై ఎనిమిది వానాకాలంలో పక్క ఊరి మీద రజాకార్లు పడ్డారని కబురొచ్చింది. వికారాబాదు స్టేషనుకు పోతే ప్రమాదమన్నారు. తాండూరులో తెలిసిన రైల్వే గుమాస్తా ఉన్నాడు, అతను సోలాపూరు రైలెక్కిస్తాడన్నారు. తెల్లవారకముందే అమ్మనూ నన్నూ కచ్చురం ఎక్కించారు. సాయన్న ముందు ఉరికాడు. మొదటి పొలిమేర దగ్గర ఆగి చూశాడు. అందుకునే మనిషి లేడు. గడబిడలకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. సాయన్న వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. "ఉరుకు," అన్నాను. ప్రతి పొలిమేరలోనూ అతను ఆగి చూశాడు, ప్రతిసారీ నేను అదే మాట అన్నాను. బండిలో చోటు ఉంది. బండివాడి పక్కన ఇంకొకరు కూర్చోవచ్చు. నాకు ఆ ఆలోచనే రాలేదు. దయలేక కాదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. బండి ముందు మనిషి లేకుండా బండి కదలడం నేను చూడలేదు, అంతే.

ఊళ్లో చిన్నాయన కొడుకు ఇంట్లో దిగాను. భోజనమయ్యాక సాయన్న అక్క బాలమ్మను చూడటానికి వాడకు వెళ్లాను. ముంగిట్లో చాటతో పెసలు చెరుగుతోంది. నన్ను చూసి లేవలేదు. మంచం మీద కూర్చోమని తల ఊపింది. సాయన్న ఎక్కడున్నాడని అడిగాను.

"తాండూరు పక్కన పెద్దేముల్ల ఉంటడంట. బండ్లతోని బండలు మోస్తడంట. నాకు వానితోని మాట లేదు."

ఎందుకని అడగకుండా ఉండవలసింది. అడిగాను.

"నీకు తెల్వదా పటేలా? గడబిడలైనంక నువ్వే గద వచ్చి చెప్పినవ్, బండి లూటీ అయిందని, సాయిడు ఏడ పోయిండో ఎరుక లేదని. అయ్య గా దినం సంది మంచం దిగలె. కొడుకు సచ్చిండనుకొనే పాయె. మన్నుల పెట్టేనాడు కొడుకు లేకుండె. ఇగ ఎండకాలంల ఎవలో చూసి వచ్చిన్రు, తాండూరుల బండి తోలుతుండని. ఒక్క కబురు పంపడా? బండి మీది ఆశతోని దాక్కున్నడు. అయ్యను సంపిండు."

చాట ఆగలేదు. పెసలు ఒక పక్కకు, రాళ్లు ఒక పక్కకు పోతున్నాయి. బండి లూటీ కాలేదు. అది ఎక్కడుందో నాకు ఆనాడే తెలుసు. ఆ ముక్క ఆమెకు అప్పుడు చెప్పి ఉంటే ఈ ప్రయాణం అక్కడితో అయిపోయేది. నేను లేచి, వస్తానని చెప్పి వచ్చేశాను.

తాండూరు

మర్నాడు వికారాబాదు వచ్చి తాండూరు రైలెక్కాను. ధారూరు దాటాక పెట్టెలో కన్నడం వినిపించడం మొదలవుతుంది. నా ఎదురుగా కూర్చున్న ముసలాయన భార్యతో కన్నడంలోనూ, కొడుకుతో తెలుగులోనూ, టికెట్టు కలెక్టరుతో ఉర్దూలోనూ తగవులాడాడు. మూడింటిలోనూ ఓడిపోయి నా సీతాఫలం ఒకటి తీసుకుని శాంతించాడు.

తాండూరులో ఏది చూసినా బండే. ఇంటి గోడలు బండలు, కప్పు బండలు, మురికి కాలువ మీద బండలు, హోటల్లో టేబులు మీద బండ. పట్నంలో మేము గజానికింత అని కొనే రాయి ఇక్కడ పశువుల కొట్టంలో పరుచుకుంటారు. హోటల్లో ఎనిమిదణాలకు అన్నం పెట్టారు. ఆ కందిపప్పు రుచి ఇంటికి వచ్చాక కూడా నోట్లో ఉంది.

గూడ్సు షెడ్డు పక్కన వేపచెట్టు ఇంకా ఉంది. నలభై ఎనిమిదిలో దాని కిందే కచ్చురం ఆపాం. సాయన్న అరికాళ్ల నుంచి నెత్తురు కారుతోంది. బండి తోలినవాడు తన చుట్టాల దగ్గరికి వెళ్లిపోయాడు. రైలు కూత వేసింది. తెలగపిండి మూట చూపించి, "నేను వచ్చేదాక ఎద్దులను చూసుకుంట ఈడనే ఉండు," అని సాయన్నకు చెప్పి అమ్మను ఎక్కించాను. పటేలు ఉండమంటే, మళ్లీ పటేలు పొమ్మనేదాకా ఉండాలి. అది కూడా ఆచారమే.

గడబిడలు అణిగాక మేము అదే దారిన తిరిగి వచ్చాం. తాండూరులో రైలు ఆగింది. అమ్మ నిద్రపోతోంది. కిటికీలోంచి చూస్తే వేపచెట్టు కింద మా కచ్చురం ఉంది. ఎద్దులు నెమరు వేస్తున్నాయి. సాయన్న కనబడలేదు, కాని ఎద్దుల ముందు పచ్చిగడ్డి ఉంది. దిగితే ఆ బండిలో ఒక రోజంతా ఒళ్లు హూనం చేసుకుని ఊరు చేరాలి. రైల్లో అయితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాం. ఎవరినైనా పంపుదాంలే అనుకున్నాను. ఊళ్లో చిన్నాయన మొదటి మాటే, బండి ఏదిరా అన్నాడు. రైల్లోంచి చూసి కూడా దిగలేదని చెప్పడానికి సిగ్గు వేసి, లూటీ అయిందన్నాను. ఒకసారి అన్నాక ఆ మాట నిలబెట్టుకోవడం తేలికే. లూటీ అయిన బండి కోసం ఎవరూ మనిషిని పంపరు.

వెట్టి బందయిందని ఆ తరువాత తాలూకా నుంచి ఉత్తర్వు వచ్చింది. మా ఊళ్లో అది చాలా రోజులు ఎవరికీ తెలియలేదు. డప్పు కొట్టి చాటవలసిన మనిషి తాండూరులో మా ఎద్దులు కాస్తున్నాడు.

పెద్దేముల్

సాయన్న ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. బండల సాయన్న అంటే అందరూ చూపించారు. ముంగిట్లో అతని భార్య ఎల్లమ్మ గంగాళం తోముతోంది. మా ఊరి పేరూ మా నాయన పేరూ చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

"బండి లేదు పటేలా. ఎన్నడో ఇరిగిపాయె. పొయ్యిల పెట్టినం."

నేను బండి మాట ఎత్తనే లేదు. ఆమె వెనక, కొట్టం పక్కన జొన్న చొప్ప హడావిడిగా పోగుపెట్టి ఉంది. ఆ పోగు కింది నుంచి రెండు చక్రాలు కనబడుతున్నాయి. వాడకు వచ్చే దారిలో నా గురించి కబురు నాకంటే ముందు ఉరికినట్టుంది. బండి కోసం రాలేదని చెప్పాను.

"పటేండ్లు గట్లనే అంటరు," అంది ఆమె.

పొద్దు వాలుతుండగా సాయన్న వచ్చాడు. జుట్టు నెరిసింది, ఎడమ మోకాలు వంగడం లేదు. నన్ను చూసి ఆగి, "చిన్న పటేలు గదా. శానా దూరమొస్తివి," అన్నాడు. వంగలేదు, చేతులు కట్టుకోలేదు. నాకు ఒక్క క్షణం ఏదో లోటుగా తోచింది. ఎందుకో తెలిసేసరికి నా చెవులు వేడెక్కాయి. సాయన్నా అని పిలవడానికి నోరు మొదటిసారి తిరగలేదు, రెండోసారి తిరిగింది.

అమ్మ పోయిన సంగతి చెప్పాను. అతను తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బండిలోంచి మామిడి తాండ్ర ముక్క అందించిందట అమ్మ, నేను చూడకుండా. ఆ రుచి గుర్తుందన్నాడు. తరువాత భార్యతో రొట్టె చేయమన్నాడు.

"తింటడా?" అంది ఆమె నా వైపు చూడకుండా.

"ఆయననే అడుగు."

తింటానన్నాను. జొన్న రొట్టె, కందిపప్పు, నూరిన పచ్చికారం, ఉల్లిగడ్డ. మా ఇంట్లో రొట్టె పలుచన, ఇక్కడ చేతి మందం. రెండోది అడిగి వేయించుకున్నాను. అప్పుడు ఎల్లమ్మ ముఖం కొంచెం సడలింది. కాని ఆ రాత్రి నేను అరుగు మీద పడుకుంటే, ఆమె మంచం చొప్ప పోగు పక్కనే వేసుకుంది.

చెప్పవలసింది ఆ రోజూ చెప్పలేదు. వాళ్లు పెట్టిన రొట్టె తింటూ ఎలా చెప్పను అనుకున్నాను. తినకపోతే ఇంకో సాకు దొరికేది.

వాగు

తెల్లవారుజామున వాన పడి వెలిసింది. బస్సు రాదన్నారు, వాగు నిండిందట. "బండి మీద దింపుత," అన్నాడు సాయన్న. చొప్ప తీశాడు. గూడు ఎప్పుడో తీసేశాడు, ఇప్పుడది బండలు మోసే ఒట్టి బండి. కాడికి అమ్మ కొట్టించిన ఇత్తడి రేకు మాత్రం మెరుస్తోంది. ఎవరో రోజూ తుడుస్తున్నారు. ఎల్లమ్మ ఆ రేకు మీద చెయ్యి పెట్టి, "మల్ల తోలుకొని రా," అంది భర్తతో. నాతో కాదు.

నేను బండిలో కూర్చున్నాను, అతను ముందు కూర్చుని తోలాడు. బండి ముందు ఎవరూ లేరు. దారి మీద మనుషులు తామే తప్పుకున్నారు.

వాగు మోకాటి లోతున ఎర్రగా పారుతోంది. సాయన్న ఎద్దులను ఆపాడు.

"పటేలా, జర దిగాలె. మా కొడుకు ఉంటె వాడే దిగుతుండె. నా మోకాలు ఆగదు. గీ కట్టె పట్టుకొని ముందు నడువు, గుంతలుంటె చెప్పు. ఎద్దులు నీ ఎనకనే వస్తయి. నువ్వు నిలవడ్డా అవి నిలవడవు."

పంచె ఎగ్గట్టి దిగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. కట్టెతో పొడుస్తూ అడుగు వేస్తుంటే ఎద్దుల ఊపిరి మెడ మీద వేడిగా తగిలింది. వెనక్కి చూస్తే పడతాను, ఆగితే తొక్కుతాయి. వాళ్ల అయ్యా అతనూ ఏళ్ల తరబడి మెడ మీద మోసిన ఊపిరి అది. అతని ముఖం కనబడకపోవడం నాకు మేలైంది. వాగు నడుమ చెప్పేశాను.

"సాయన్నా, గా దినం రైల్లకెళ్లి బండిని చూసిన. చూసి దిగలె. ఊల్లె లూటీ అయిందని అబద్ధం చెప్పిన. మీ అయ్య అది నమ్మిండు."

కట్టెతో పొడుస్తూ మిగిలిన నీళ్లు దాటాను. ఒడ్డు ఎక్కాక బండి ఆగింది. తిరిగి చూశాను. సాయన్న ములుగర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"నువ్వు చూడలేదనుకున్న," అన్నాడు. "నాకు నీ మొఖం కిటికీల కనబడ్డది. చక్రం ఎనక కూసున్న. నువ్వు దిగితె మల్ల ఊరి దాక ఉరకాలె. కాళ్లు ఇంక మానలే. పటేలు దిగొద్దు, పటేలు దిగొద్దని మొక్కిన. రైలు పాయె."

ఎద్దు ఒకటి తోక విదిలించింది.

"ఆడ డప్పు ఇన్న, వెట్టి బందని. ఆడనే ఉండిపోయిన. ఊరికి పోతె మల్ల బండి ముందు నిలవెడ్తరని భయం. కబురు పంపితె పట్టుకపోతరని భయం. అయ్య పోయినంక తెలిసింది. పటేలు నన్ను చూస్తె అయ్యకు చెప్తుండె గదా, దాక్కుంటి గనుక అయ్య సచ్చె అనుకున్న. గిన్నేండ్లు."

నేను దిగనందుకు ఇన్నేళ్లు కుమిలాను. అతను నేను దిగకూడదని మొక్కుకున్నాడు. నేను చూసుకోవలసిన తప్పు స్టేషనులో లేదు. అంతకు ముందు, ప్రతి పొలిమేర దగ్గరా ఉంది. క్షమించమని నోట్లోకి వచ్చింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు చెప్తె ఏమొస్తది పటేలా. మా అక్కకు చెప్పు. నేను వాకిట్లకు పోతె తలుపేస్తది."

ఉత్తరం రాస్తానన్నాను. ఆ మాట ఎంత తొందరగా వచ్చిందో నాకే తెలిసింది.

"అక్కకు సదువు రాదు. ఎవలతోని సదివిస్తది? మీ చిన్నాయన కొడుకుతోనే గద."

మళ్లీ బండెక్కాను, స్టేషను వచ్చింది. దిగాక కిరాయి ముప్పావలా అడిగి తీసుకున్నాడు. బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. వెనక్కి చూడలేదు.

తిరుగు రైలు

టికెట్టు నాంపల్లి దాకా కొన్నాను. సెలవులు అయిపోయి మర్నాడు కోర్టులో ఒక కేసు వాయిదా ఉంది. కిటికీలోంచి వేపచెట్టు వెనక్కి పోయింది. దాని కింద ఈసారి ఏమీ లేదు. ధారూరు వచ్చింది, కంది చేలు వచ్చాయి, గుట్టల వాసన వచ్చింది. వచ్చే నెలలో తీరిక చూసుకుని మళ్లీ రావచ్చని నాకు నేను నచ్చజెప్పుకుంటూనే ఉన్నాను. వికారాబాదులో రైలు ఆగింది. తలుపు దగ్గర నిలబడితే సీతాఫలాలావిడ నా బూట్లు గుర్తుపట్టి నవ్వింది. గార్డు పచ్చజెండా విప్పాడు.

దిగాను.

నవాబుపేట బస్సు అప్పటికే వెళ్లిపోయింది. అటు పోయే బండ్లు కొన్ని ఎక్కాను, మిగతాది నడిచాను. బాలమ్మ చేను నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. ఈసారి మంచం మీద కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను, రైలు, కిటికీ, ఎద్దుల ముందు పచ్చిగడ్డి, చిన్నాయనతో నేనన్న మాట. అయిపోయాక చెంబులో మిగిలిన నీళ్లు ముంగిట్లో పారబోసింది. నా ముఖం వైపు చాలాసేపు చూసింది. ఆ చూపు గురించి రాయను.

"తాండూరు రైలు ఎప్పుడున్నది?" అని అడిగింది.

పొద్దున ఉందని చెప్పాను. కావాలంటే నేను వెంట వచ్చి ఎక్కిస్తానన్నాను.

"నువ్వు రాకు," అంది.